గోడ మీది ఫోటో, సర్కారు దస్త్రంలోని ఫోటో

తెలుగు ఇళ్లలో ఒక తరం కిందటి వరకు ముందుగది గోడ పైభాగాన, దూలానికి కాస్త దిగువగా, ముందుకు వంగి మనుషులను చూస్తున్నట్టుగా ఫోటోలు వరుసగా వేలాడేవి. తాతలు, నాయనమ్మలు, పెళ్లిపీటల మీది కొత్త దంపతులు, పట్టా పుచ్చుకున్న పెద్దకొడుకు, వారి మధ్యనే ఒక దేవుడు, ఒక గాంధీ లేక ఒక అంబేడ్కర్, కొన్ని ఇళ్లలో ఒక సుందరయ్య. ఆ వరుసను కుటుంబ జ్ఞాపకం అంటారు. రాజకీయ చరిత్ర అని ఎవరూ అనరు. కానీ ఆ గోడ ముందు నిలబడి అడగదగిన ప్రశ్నలు చాలావరకు రాజకీయమైనవే. ఎవరి ఫోటో ఉంది? ఎవరిది లేదు? ఉన్నదాన్ని ఎవరు, ఎందుకు, ఎవరి ఖర్చుతో తీశారు?

ఈ ప్రశ్నలతో ఉపఖండపు గత 180 ఏళ్లను తిరగేస్తే ఒక విచిత్రమైన సంగతి బయటపడుతుంది. కొద్దిమంది సంపన్నులను మినహాయిస్తే, దక్షిణాసియాలో ఎందరో సామాన్యుల ముఖాన్ని మొదట చిత్రించినది వారి కుటుంబం కాదు, ప్రభుత్వం. గుర్తుపట్టడానికి, లెక్కపెట్టడానికి, అదుపులో ఉంచడానికి తీసిన బొమ్మలే తరువాతి తరాలకు పూర్వీకుల ఆనవాళ్లుగా మిగిలాయి. సర్కారు దస్త్రంలోని ఫోటో ఇంటి గోడకు, ఇంటి గోడ మీది ఫోటో సర్కారు ముంగిటికి చేసిన ప్రయాణమే ఈ ప్రాంతపు ఫోటో చరిత్ర.

పేర్లు లేని ముఖాలు

1839లో ఐరోపాలో ఫోటోగ్రఫీ ఆవిష్కరణను ప్రకటించారు. మరుసటి ఏడాదికే దాని పరికరాలు కలకత్తా చేరాయి. 1854లో బొంబాయిలో, 1856లో కలకత్తా, మద్రాసులలో ఫోటోగ్రాఫర్ల సంఘాలు ఏర్పడ్డాయి. ఆ మరుసటి సంవత్సరమే తిరుగుబాటు. దానిని అణచివేసిన పాలకులకు తాము ఏలుతున్న ప్రజలెవరో తమకు తెలియదన్న భయం పట్టుకుంది. 1868 నుంచి 1875 వరకు ఎనిమిది సంపుటాలుగా, 468 ఛాయాచిత్రాలతో వెలువడిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' ఆ భయానికి పుట్టిన గ్రంథం. జాన్ ఫోర్బ్స్ వాట్సన్, జాన్ విలియం కే దాని సంపాదకులు. అందులో కులాలున్నాయి, తెగలున్నాయి, ఏ కులం విశ్వాసపాత్రమైనది, ఏ తెగ ప్రమాదకరమైనది అన్న వ్యాఖ్యలున్నాయి. ఎక్కువ ముఖాలకు పేర్లు మాత్రం లేవు. కెమెరా ముందు కూర్చున్న మనిషి ఒకరికి తండ్రి, ఒకరికి అన్న అన్న సంగతి ఆ పుస్తకానికి పట్టలేదు. అతడు ఒక నమూనా, అంతే.

పేరు లేకపోవడం ఎంత క్రూరమైనదో 1876-78 నాటి కరువు చూపింది. రాయలసీమ పెద్దలు ధాత కరువు అని తరతరాలుగా చెప్పుకున్నది దీనినే. మద్రాసు సైన్యంలో అధికారిగా ఉన్న విలోబీ వాలెస్ హూపర్, ఎముకల గూళ్లుగా మారిన స్త్రీపురుషులను, పసిబిడ్డలను వరుసలుగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. కరువు పనుల కూలిని రిచర్డ్ టెంపుల్ రోజుకు ఒక పౌండు ధాన్యం స్థాయికి కుదించిన కాలం అది. హూపర్ చిత్రాలు నేటికీ చరిత్ర పుస్తకాలలో అచ్చవుతూనే ఉన్నాయి. వాటిలో ఉన్నవారు ఏ ఊరివారో, ఎవరి బిడ్డలో వాటిని చూసేవారెవరికీ తెలియదు. బళ్లారి, కడప, కర్నూలు జిల్లాలలో ఆ కరువును దాటి బతికిన కుటుంబాల వారసులు ఈనాడు ఆ బొమ్మలను చూసినా, అందులో తమవారున్నారో లేదో పోల్చుకోలేరు. అవి సామ్రాజ్యపు ఆల్బంలోని బొమ్మలు. వాటికి కుటుంబం లేదు.

అదే కాలంలో కెమెరాకు మరొక ముఖం కూడా ఉంది. మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ ఉద్యోగం చేసిన లాలా దీన్ దయాళ్, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా హైదరాబాదు రాజ్యంలో స్థిరపడ్డాడు. సికిందరాబాదులోని అతని స్టూడియోకు నవాబులు, జాగీర్దారులు, ఆంగ్ల అధికారులు తరలివచ్చేవారు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాదులో అతడు ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. పరాయి పురుషుడి కంట పడకూడని స్త్రీలు కూడా తమ రూపాన్ని తాము చూసుకోవాలని, వారసులకు మిగల్చాలని కోరుకున్నారనడానికి ఆ స్టూడియో నిదర్శనం. ఇక్కడ ప్రతి ముఖానికీ పేరుంది, బిరుదుంది, వంశముంది. డబ్బు కట్టినవాడు తన బొమ్మకు తానే యజమాని. కరువు ఫోటోకు, నవాబు ఫోటోకు నడుమ కెమెరాలో తేడా లేదు. బొమ్మ ఎవరి సొత్తు అన్నదే తేడా.

కోరంగి నుంచి మారిషస్‌కు

ఈ రెండింటికీ మధ్య మూడవ రకం ఫోటో ఒకటి పుట్టింది. దాని కథ తెలుగువారికి చాలా దగ్గరిది. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చి, 1834 నవంబరులో 'అట్లాస్' అనే ఓడలో 36 మంది భారతీయులను మారిషస్‌కు తీసుకువెళ్లారు. తరువాతి దశాబ్దాలలో దాదాపు నాలుగున్నర లక్షల మంది ఆ దీవి రేవులో దిగారు. కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవులతో పాటు గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి నుంచి కూడా జనం వెళ్లారు. అందుకే మారిషస్‌లో తెలుగువారికి 'కోరంగి' అన్న పేరు స్థిరపడింది. ఉగాది ఈనాటికీ అక్కడ అధికారిక సెలవుదినం.

ఒప్పందం ముగిసిన కూలీ తోటను విడిచి స్వేచ్ఛగా తిరగడం తోట యజమానులకు నచ్చలేదు. 1867 నాటి కార్మిక చట్టం, అలా ఒప్పందం పూర్తిచేసుకున్నవారు సైతం ఫోటో అతికించిన గుర్తింపు పత్రాన్ని వెంట ఉంచుకోవాలని శాసించింది. పత్రం లేకుండా దారిలో దొరికితే తిరుగుబోతు కింద జమకట్టి నిర్బంధించేవారు. ఆ విధంగా ఇంగ్లండులోని శ్రామికులకే ఫోటో అరుదైన కాలంలో, గోదావరి తీరం నుంచి, గంజాం నుంచి, బిహారు నుంచి వచ్చిన నిరుపేద కూలీలు కెమెరా ముందు కూర్చోవలసివచ్చింది. చట్టం చేతిలో అది ఒక సంకెల.

కానీ ఆ దస్త్రాలలో 'ది పీపుల్ ఆఫ్ ఇండియా'లో లేనిది ఒకటుంది. మనిషి పేరు, తండ్రి పేరు, కులం, వయసు, ఎత్తు, ఒంటిమీది మచ్చలు, జిల్లా, ఊరు అన్నీ వలస రిజిస్టర్లలో రాశారు. పారిపోతే పట్టుకోవడానికి రాసిన వివరాలవి. నూరేళ్లు గడిచాక వాటి అర్థమే మారిపోయింది. ఆ దస్త్రాలు నేడు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. మారిషస్ పౌరులు అక్కడికి వెళ్లి, ముత్తాత సంఖ్య చెప్పి, ఆయన వివరాలను, దొరికితే ఆయన ముఖాన్ని చూసుకుంటారు. కోపమో, భయమో, నిర్లిప్తతో తెలియని చూపుతో ఒక యువకుడు ఆ పాత కాగితం మీద కనిపిస్తాడు. అంతకుముందు ఆ ఇంట్లో ఆయన ఫోటో ఉండదు. పోలీసు కోసం తీసిన బొమ్మే వంశానికి మూలపురుషుడి చిత్రపటమవుతుంది. పాలకుడు తన అవసరానికి పోగుచేసిన ఆధారాన్ని పాలితుడి మనుమలు తమ అవసరానికి స్వాధీనం చేసుకోవడమంటే ఇదే.

రాజగృహం మెట్ల నుంచి ఢిల్లీ స్టూడియో దాకా

ఇరవయ్యవ శతాబ్దం వచ్చేసరికి మధ్యతరగతి కుటుంబాలకు స్టూడియో అందుబాటులోకి వచ్చింది. తెర మీద చిత్రించిన మేడలు, పూలకుండీల ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న కుటుంబం ఆనాటి ఆధునికతకు గుర్తు. ఆ బొమ్మలలో కొన్ని ఇంటి హద్దు దాటి జాతి ఆస్తి అయ్యాయి.

భగత్ సింగ్ ఫోటోలు ప్రామాణికంగా నాలుగే ఉన్నాయని పరిశోధకులు చెబుతారు. ఒకటి బాల్యంలోనిది, మరొకటి లాహోర్ నేషనల్ కళాశాల బృందంలో తలపాగాతో ఉన్నది, మూడవది 1927లో పోలీసు నిర్బంధంలో మంచం మీద కూర్చోబెట్టి తీసినది, నాలుగవది టోపీ పెట్టుకున్నది. ఆ టోపీ ఫోటోను ఢిల్లీ కశ్మీరీ గేటు దగ్గరి ఒక స్టూడియోలో, 1929 ఏప్రిల్ 8న కేంద్ర శాసనసభలో బాంబు విసరడానికి కొద్ది రోజుల ముందు తీయించుకున్నాడు. తిరిగిరానని తెలిసి, తన జ్ఞాపకం ఏ రూపంలో మిగలాలో తానే నిర్ణయించుకున్నాడు. మంచం మీది ఫోటోను పోలీసులు తీశారు, టోపీ ఫోటోను తాను తీయించుకున్నాడు. ప్రజలు గోడకు తగిలించుకున్నది రెండవదానిని. రాజ్యం తీసిన ముఖానికి, మనిషి ఎంచుకున్న ముఖానికి మధ్య జరిగిన పోటీలో ఇది అపురూపమైన గెలుపు.

మరొక ఫోటో బొంబాయి దాదర్‌లోని రాజగృహం ముందు 1934లో తీసినది. అంబేడ్కర్, ఆయన భార్య రమాబాయి, కొడుకు యశ్వంత్, వదినగారు, అన్నకొడుకు, వారితో పాటు పెంపుడు కుక్క. పుస్తకాల కోసం కట్టించుకున్న ఇంటి ముందు అంటరాని కులంలో పుట్టిన ఒక కుటుంబం నిటారుగా నిలబడి కెమెరాను చూడడమే ఆనాటికి ఒక ప్రకటన. కానీ ఆ ఫోటోను ఇంకొక విధంగానూ చదవాలి. అంబేడ్కర్ దంపతులకు పుట్టిన మరి నలుగురు పిల్లలు పసితనంలోనే పోయారు. ఇల్లు గడవడమే కష్టమైన రోజులవి. ఈ చిత్రంలో వారు లేరు. ఫోటో తీసిన మరుసటి ఏడాది మే నెలలో రమాబాయి కూడా కన్నుమూసింది. పేదరికం కుటుంబం నుంచి తీసుకున్నదేమిటో ఆ ఫోటోలోని ఖాళీయే చెబుతుంది. తరువాత దేశమంతటా దళితవాడల ఇళ్లలో సొంత తాతముత్తాతల బొమ్మలు లేని గోడల మీద అంబేడ్కర్ ఫోటో వెలసింది. పూర్వీకుల ముఖాలను చరిత్ర దక్కనివ్వని చోట, ఒక జాతి మొత్తం ఒకే పూర్వీకుడిని ఎంచుకుంది.

సరిహద్దుకు ఆవల మిగిలిపోయినవి

1947 విభజనలో కోటీ ఇరవై లక్షల మందికి పైగా సరిహద్దులు దాటారు. చనిపోయినవారి లెక్క రెండు లక్షల నుంచి ఇరవై లక్షల దాకా రకరకాలుగా చెబుతారు. రాత్రికి రాత్రి బయలుదేరినవారు తాళంచెవులు, నగలు, పొలం కాగితాలు, వంటపాత్రలు పట్టుకున్నారు. నాలుగు రోజులలో తిరిగివస్తామనుకున్నవారికి గోడమీది ఫోటోలు తీయవలసిన అవసరం తోచలేదు. ఆ తరువాత భారత ప్రభుత్వం 1950లో శరణార్థుల క్లెయిముల చట్టం తెచ్చింది. పాకిస్తాన్‌లో వదిలివచ్చిన ఇంటికి, పొలానికి అర్జీ పెట్టుకోవచ్చు. అవి స్థిరాస్తులు. అమ్మ పెళ్లినాటి ఫోటోకు అర్జీ నమూనా లేదు.

హైదరాబాదు కుటుంబాలకూ ఈ కథలో భాగముంది. 1948 సెప్టెంబరు సైనిక చర్య తరువాత కరాచీకి వెళ్లిన బంధువులతో, అక్కడి హైదరాబాద్ కాలనీలో స్థిరపడినవారితో, చార్మినార్ చుట్టుపక్కల మిగిలినవారికి సంబంధం క్రమంగా ఉత్తరాలకు, ఫోటోలకు కుదించుకుపోయింది. 1948 జూలైలో పర్మిట్లు వచ్చాయి, 1952 అక్టోబరులో రెండు దేశాల మధ్య పాస్‌పోర్టు, వీసా తప్పనిసరి అయ్యాయి. అన్నను చూడడానికి చెల్లెలు వెళ్లాలంటే ముందు తన ఫోటో ప్రభుత్వానికి ఇవ్వాలి. వెళ్లలేనివారు ఫోటోలే పంపుకున్నారు. పెళ్లిళ్లు, పుట్టిన పిల్లలు, తెల్లబడిన తలలు అన్నీ కవర్లలో సరిహద్దు దాటాయి.

ఈ జ్ఞాపకాలకు ఒక గూడు కట్టడానికి దేశానికి 70 ఏళ్లు పట్టింది. సరిహద్దు రేఖ వెల్లడైన రోజుకు సరిగ్గా ఏడు దశాబ్దాల తరువాత, 2017 ఆగస్టు 17న, అమృత్‌సర్ టౌన్‌హాలులో విభజన మ్యూజియం తెరుచుకుంది. అక్కడి వస్తువులలో చాలా భాగం కుటుంబాలు ఇచ్చినవే. రాజ్యాల మధ్య చర్చల ఫోటోలు ఎప్పటి నుంచో పాఠ్యపుస్తకాలలో ఉన్నాయి. బల్ల చుట్టూ కూర్చున్న నాయకులకు ఆ పుస్తకాలలో పేర్లున్నాయి. రైలు పైకప్పు మీది జనానికి లేవు. మ్యూజియం చేయగలిగినది ఆ రైలు జనంలో కొందరికి పేర్లు తిరిగి ఇవ్వడం.

ఓటరు కార్డు నుంచి వర్ధంతి పటం దాకా

1951-52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలకు జాబితాలు తయారు చేస్తున్నప్పుడు, ఉత్తరాదిలో లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని మాత్రమే రాయించారు. ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అందుకు ఒప్పుకోలేదు. సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితా నుంచి తొలగిపోయాయి. పౌరురాలు కావాలంటే పేరుండాలి అన్నది తొలి గణతంత్రపు పాఠం. నాలుగు దశాబ్దాల తరువాత 1993 ఆగస్టులో టి.ఎన్. శేషన్ ఇచ్చిన ఆదేశంతో రెండవ పాఠం మొదలైంది. పేరు చాలదు, ముఖం కూడా కావాలి.

ఈ రెంటికీ మధ్య ఫోటో ఖరీదైన వస్తువుగానే ఉంది. దిగుమతులకు విదేశీ మారకద్రవ్యం లేని కాలంలో, ప్రభుత్వం 1960లో ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థను స్థాపించింది. 1967లో ఉత్పత్తి మొదలైంది. ఉక్కు, ఎరువులతో పాటు ఫిల్ము కూడా స్వావలంబనలో భాగమనుకున్న రోజులవి. 'ఇందు' పేరుతో వచ్చిన ఆ నలుపు తెలుపు సరుకు రంగుల ఫిల్ము వరదలో కొట్టుకుపోయి, 1990లలో సంస్థ ఖాయిలా పడింది. అయినా పల్లెల్లో ఫోటో అంటే పెళ్లికో, పరీక్షకో, తీర్థానికో మాత్రమే. వ్యవసాయ కూలీ ఇంట్లో ముసలితల్లికి ఫోటో ఎందుకు తీయిస్తారు?

ఆ ఫోటోను ఓటరు కార్డు కోసం ప్రభుత్వం తీసింది. పాఠశాల వరండాలో బల్ల వేసి, గుడ్డ కట్టి, వరుసలో నిలబెట్టి, క్షణంలో తీసిన బొమ్మలు అవి. చాలా ముఖాలు గుర్తుపట్టలేనంత నల్లగా, కళ్లు మూసుకుని, తల పక్కకు తిరిగి వచ్చాయి. జనం నవ్వుకున్నారు. కానీ ఆ తల్లి చనిపోయిన రోజున ఇంట్లో వెతికితే దొరికేది ఆ కార్డే. దాన్ని పట్టుకుని కొడుకు పట్నంలోని స్టూడియోకు వెళతాడు. వాళ్లు ముఖాన్ని పెద్దది చేసి, వెనక నీలం రంగు వేసి, నుదుట బొట్టు దిద్ది, చట్రం కట్టి ఇస్తారు. దశదినకర్మ నాడు దండ వేసేది ఆ పటానికే. 2010 సెప్టెంబరులో మహారాష్ట్ర నందూర్‌బార్ జిల్లాలోని టెంభ్లీలో మొదలైన ఆధార్ ఈ పనిని మరింత విస్తరించింది. మోకాలోని రిజిస్టరుకు, తెలుగు పల్లెలోని వర్ధంతి పటానికి నూటపాతికేళ్ల దూరం ఉంది. బొమ్మ చేసిన ప్రయాణం ఒక్కటే.

వీధిలోకి వచ్చిన ఫోటో

ఎదురు ప్రయాణమూ ఉంది. గోడమీది ఫోటోను తల్లిదండ్రులు కిందికి దింపి, గుండెకు హత్తుకుని, ప్రభుత్వ కార్యాలయాల ముందు నిలబడిన చరిత్ర అది.

1976 మార్చి 1న, ఎమర్జెన్సీ కాలంలో, కాలికట్ రీజనల్ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థి పి. రాజన్‌ను పోలీసులు పట్టుకుపోయారు. కక్కయం శిబిరంలో చిత్రహింసలకు అతడు మరణించాడు. తండ్రి టి.వి. ఈచ్చర వారియర్ ఎమర్జెన్సీ తొలగిన వెంటనే కేరళ హైకోర్టులో హెబియస్ కార్పస్ వేశాడు. ఆ కేసు తాకిడికి, ముఖ్యమంత్రి పదవి చేపట్టిన నెల రోజులకే కె. కరుణాకరన్ 1977 ఏప్రిల్‌లో రాజీనామా చేయవలసివచ్చింది. రాజన్ దేహం మాత్రం ఎన్నటికీ దొరకలేదు. 2006లో తండ్రి కన్నుమూసేనాటికి కూడా కొడుకు సమాధి ఎక్కడో తెలియదు. దేహం దొరకని చోట మిగిలేది ఫోటో ఒక్కటే. ఆ పిల్లవాడు ఉండేవాడు అనడానికి అదే సాక్ష్యం.

కశ్మీర్‌లో పర్వీనా ఆహంగర్ కొడుకు 1990లో భద్రతా దళాల అదుపులోకి వెళ్లి తిరిగిరాలేదు. ఆమె 1994లో అదృశ్యమైనవారి తల్లిదండ్రుల సంఘం స్థాపించింది. ఏళ్లపాటు ప్రతి నెలా పదవ తేదీన శ్రీనగర్ ప్రతాప్ పార్కులో ఆ స్త్రీలు ఫోటోలు పట్టుకుని కూర్చున్నారు. అదృశ్యమైనవారు ఎనిమిది వేలకు పైగా అని హక్కుల సంఘాలు చెబుతాయి. ప్రభుత్వ లెక్క అంతకంటే చాలా తక్కువ. రెండు లెక్కల నడుమ ఎంత దూరముందో, ఆ తల్లుల చేతిలోని ఫోటోలకు అంత బరువుంది.

శ్రీలంకలో 1987-89 నాటి తిరుగుబాటు అణచివేతలో బిడ్డలను పోగొట్టుకున్న సింహళ తల్లులు 1990లో మదర్స్ ఫ్రంట్‌గా ఏర్పడ్డారు. 2009 మేలో యుద్ధం ముగిశాక అదే గతి తమిళ తల్లులది. 2017 ఫిబ్రవరిలో కిళినొచ్చిలో రోడ్డు పక్కన మొదలైన వారి నిరసన ఏళ్ల తరబడి సాగింది. భాష వేరు, మతం వేరు, ఒకరి సైన్యం మరొకరికి శత్రువు. చేతిలోని ఫోటో పట్టుకున్న తీరు ఒక్కటే. నేపాల్‌లో 2006 నవంబరు శాంతి ఒప్పందం, అదృశ్యమైనవారి వివరాలను 60 రోజులలో ప్రకటిస్తామని హామీ ఇచ్చింది. వెయ్యీ మూడు వందల మందికి పైగా గల్లంతైన ఆ దేశంలో దర్యాప్తు సంఘం వేయడానికే 2015 దాకా పట్టింది. పాకిస్తాన్‌లో బలూచ్ కుటుంబాలు 2013 అక్టోబరులో వృద్ధుడైన మామా ఖదీర్ వెంట ఫోటోలు పట్టుకుని క్వెట్టా నుంచి కరాచీ మీదుగా ఇస్లామాబాద్ దాకా నడిచాయి.

ఈ దేశాలు పరస్పరం అనుమానించుకుంటాయి. ఒకరి అత్యాచారాలను మరొకరు అంతర్జాతీయ వేదికల మీద ఏకరువు పెడతారు. కానీ తమ గడ్డ మీద తల్లి ఫోటో పట్టుకుని వస్తే, అన్ని ప్రభుత్వాలూ చూపు తిప్పుకునే తీరు ఒకేలా ఉంటుంది. గుర్తింపు కోసం ప్రతి పౌరుడి ఫోటోనూ కోరే రాజ్యం, పౌరుడి తల్లి చూపే ఫోటోను మాత్రం గుర్తుపట్టదు.

చెల్లని సాక్ష్యం

అస్సాంలో ఈ వైరుధ్యం చట్టరూపం దాల్చింది. 2019 ఆగస్టు 31న ప్రకటించిన జాతీయ పౌర పట్టిక 19,06,657 మందిని బయట ఉంచింది. 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందే తామో, తమ పూర్వీకులో అక్కడ ఉన్నట్టు కాగితం చూపాలి. 1951 పట్టికలో పేరు, పాత ఓటరు జాబితా, భూమి పత్రం వంటివి చెల్లుతాయి. తాత తన ఇంటి ముందు నిలబడి తీయించుకున్న ఫోటో ఆ జాబితాలో లేదు. కాగితం మీద ఒక అక్షరం తేడా వస్తే మనిషి పరాయివాడవుతాడు. నాలుగు తరాలు ఒకే పెరట్లో దిగిన ఫోటోలు అతణ్ణి కాపాడలేవు.

పాలనా దృష్టితో చూస్తే దీనికి సమర్థన ఉంది. ఫోటో మీద తేదీ ఉండదు, ఊరి పేరుండదు, అందులో ఉన్నవారెవరో ఇతరులు చెప్పాలి. ఎవరి ఫోటోనైనా తాతగారిదని చూపవచ్చు. ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చలేము. అయితే వరదలకు గుడిసెతో పాటు కాగితాలు కొట్టుకుపోయే బ్రహ్మపుత్ర తీరాన, చదువురాని కుటుంబాల మీద కాగితపు భారాన్ని మోపి, మిగిలిన జ్ఞాపకం దేనికీ విలువ లేదనడం న్యాయమా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. పత్రం లేని పేదవాడికి సాక్ష్యం పొరుగువారి మాట, ఇంట్లోని వస్తువు, గోడమీది బొమ్మ. వీటిని పూర్తిగా కొట్టిపారేసే చట్టం పేదవాడి గతాన్నే కొట్టిపారేస్తుంది.

భోపాల్ మరొక పాఠం చెబుతుంది. 1984 డిసెంబరు 2-3 రాత్రి విషవాయువు తరువాత, మట్టిలో పూడ్చుతున్న ఒక పసిబిడ్డ ముఖాన్ని రఘు రాయ్, పాబ్లో బార్తోలోమ్యూ తీశారు. ఆ ముఖాన్ని ప్రపంచమంతా చూసింది. ఆ బిడ్డ ఎవరో ఎవరికీ తెలియలేదు. ప్రపంచం గుర్తుపెట్టుకున్న ముఖానికి పేరు లేదు, బాధిత కుటుంబాలు గుర్తుపెట్టుకున్న వేల పేర్లను ప్రపంచం ఎరగదు. 2014లో బాధితులు, కార్యకర్తలు కలిసి భోపాల్‌లో నెలకొల్పిన స్మారక మ్యూజియం ఆ లోటును కొంతైనా పూడ్చడానికే. చనిపోయిన పిల్లవాడి వస్తువు పక్కన అతని పేరు, అమ్మ గొంతు ఉంటే, అతడు సంఖ్యగా మిగిలిపోడు.

వెనక్కి తిప్పి చూడవలసిన అట్ట

పాత ఫోటోలు ఇప్పుడు మరో ప్రమాదంలో ఉన్నాయి. కలకత్తాలోని బోర్న్ అండ్ షెపర్డ్ ఆసియాలోని అతి పాత స్టూడియోలలో ఒకటి. 1991లో అగ్నిప్రమాదం దాని భాండారాన్ని దహించింది, 2016లో తలుపులే మూతపడ్డాయి. పేరున్న సంస్థకే ఈ గతి పడితే చిన్న పట్టణాల స్టూడియోల సంగతి చెప్పనక్కరలేదు. యజమాని పోయాక వారసులు గాజు పలకలను, నెగటివ్ పెట్టెలను పాత సామాను కొట్టుకు తూకానికి ఇస్తున్నారు. ఒక ఊరి మూడు తరాల ముఖాలు ఆ పెట్టెల్లో ఉంటాయి. వాటిని తీసుకుని భద్రపరచే బాధ్యత ఏ జిల్లా గ్రంథాలయానికీ, ఏ పురావస్తు శాఖకూ అప్పగించినవారు లేరు. రాజ్యం తన కోసం తీసిన ఫోటోలను జాగ్రత్తగా ఉంచుకుంది, ప్రజలు తమ కోసం తీయించుకున్నవి ప్రజల ఖర్మకు వదిలింది.

కొన్ని పౌర ప్రయత్నాలు ఆశ కలిగిస్తున్నాయి. 2010లో మొదలైన ఇండియన్ మెమరీ ప్రాజెక్ట్ కుటుంబాల ఫోటోలను వాటి కథలతో సహా సేకరించింది. 2011లో ఖాట్మండులో ఏర్పడిన నేపాల్ పిక్చర్ లైబ్రరీ, రాజులు, యుద్ధాల చరిత్ర పక్కన సామాన్య స్త్రీల, కార్మికుల, అణగారిన జాతుల ఇళ్లలోని బొమ్మలను పెట్టింది. తెలుగు నేల మీద ఇటువంటి పని ఇంకా విడివిడి వ్యక్తుల ఆసక్తిగానే ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్నవారు, ఆంధ్ర తీరం నుంచి బర్మాకు వెళ్లి 1942లో కాలినడకన తిరిగివచ్చినవారు, ప్రాజెక్టుల కింద మునిగిపోయిన ఊళ్లవారు, వీరందరి ఇళ్లలోనూ పెట్టెల అడుగున కొన్ని బొమ్మలుండే ఉంటాయి. వాటికి అర్థం చెప్పగలిగినవారు ఎనభైలు, తొంభైలు దాటుతున్నారు.

ఫోటో తనంతట తాను ఏదీ చెప్పదు. హూపర్ బొమ్మలు చెప్పలేదు, భోపాల్ బిడ్డ ముఖం చెప్పలేదు. మోకాలోని కాగితం చెప్పగలిగిందంటే, ముఖం పక్కన పేరు, ఊరు, తండ్రి పేరు ఉండబట్టే. ఒకనాడు పాలకులు అదుపు కోసం చేసిన ఆ పనిని ఇవాళ కుటుంబాలు ఆప్యాయతతో చేసుకోవాలి. అట్ట వెనక్కి తిప్పి, మెత్తని పెన్సిలుతో, కుర్చీలో కూర్చున్న పెద్దాయన పేరే కాదు, పక్కన నిలబడిన స్త్రీ పేరు, ఆమె పుట్టినూరు, అంచున సగం కనిపిస్తున్న పాలేరు కుర్రవాడి పేరు కూడా రాయాలి. ఆ చివరి పేరు చాలా ఇళ్లలో ఇప్పటికే ఎవరికీ గుర్తులేదు.